ఉపవాసం పట్టిన బూరె

మా ఆయన సుకుమార్ ఖమ్మం నుంచి హైదరాబాదు పోయే బస్సులో కండక్టరు. అందరి మొగుళ్లూ హైదరాబాదు నుంచి బట్టలో, బిర్యానీయో తెస్తారు. ఈయన ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోయించుకుని అందులో నిమ్మకాయంత చేపను తెచ్చాడు. పచ్చటి ఒళ్లు, నల్ల చుక్కలు, మనం చూస్తే తిరిగి మనల్నే చూసే గుడ్లు. బెదిరిస్తే నీళ్లు మింగి గుండ్రంగా ఉబ్బుతుందట.

"దుకాణపాయన పఫర్ అన్నడు. నీ పార్లర్ల పెడదాం, కుర్చీల కూసున్నోళ్లకు కాలక్షేపం అయితది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మా ముందుగదిలో నేను బ్యూటీ పార్లర్ నడుపుతాను. ఒక కుర్చీ, ఒక అద్దం, నేను పక్కకు తిరిగే జాగా, అంతే ఉన్నది. అక్కడ నీళ్లతొట్టి పెడితే నేనెక్కడ నిలబడాలి, చేప పక్కనా? అరిచాను, అలిగాను, ఒక పూట వంట మానేశాను. తొట్టి వచ్చి కూర్చుంది.

ఉబ్బితే అచ్చం పండగ బూరెలా ఉందని దానికి బూరె అని పేరు పెట్టింది మాత్రం నేనే. నెల తిరక్కుండా దానికి దాసురాలినయ్యాను. పొద్దున తలుపు తీస్తే చాలు, ఒళ్లంతా ఊపుకుంటూ నా వైపు వచ్చేది. ఎవరికైనా థ్రెడింగ్ చేస్తుంటే ఆ పని అయ్యేదాకా కదలకుండా చూసేది. నా పనిని అంత శ్రద్ధగా చూసినవాళ్లు మా ఇంట్లో మరొకరు లేరు.

మా అత్తమ్మ రిబ్కమ్మ అయితే ఆ గదిలోకి చూసేదే కాదు. చర్చి ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రికి ఆమే పెద్ద దిక్కు. దేవుడిచ్చిన కనుబొమ్మల్ని దారంతో పీకడం పాపమని ఆమె మాట. నేను పార్లర్ పెట్టినప్పటి నుంచీ ఆ కుర్చీలో ఒక్కసారైనా కూర్చోలేదు. అది అడ్డం వస్తే కాలితో పక్కకు నెట్టేది.

వానాకాలమంతా బూరెకు నత్తలు పెట్టాం. తిరుమలాయపాలెం వైపు తండా నుంచి జమ్లి అని నా పాత కస్టమర్ ఒకామె వస్తుంది. వచ్చినప్పుడల్లా పొలం మడుల్లో నత్తలు ఏరి డబ్బాలో తెచ్చేది. బూరె వాటిని కటుక్కున కొరికితే ఆ చప్పుడు తొట్టి బయటికి వినపడేది. కోతలయ్యాక మడులెండిపోయాయి, నత్తలు లేవు. పాపం, మెత్తగా ఉంటుందని కోడి కార్జం సన్నగా తరిగి వేస్తూ వచ్చాం.

క్రిస్మస్‌కు అత్తమ్మకు కొత్త పళ్ల సెట్టు కట్టించాం. చర్చి ఫొటోలో ముందు వరసలో నిలబడి నవ్వింది. ఆ తర్వాత ఈస్టర్ ముందు నలభై రోజుల శ్రమకాలం వచ్చింది. ఏటా అత్తమ్మ ఒక్క పూట తిని ఉపవాసం ఉండేది. ఈసారి అదీ లేదు. రాగిజావ, మజ్జిగ, అంతే. నమిలే వస్తువేదీ నోట పెట్టనంది. స్త్రీల మైత్రి అంతా ముక్కున వేలేసుకుంది. ఈ వయసులో ఎంత భక్తి అని పాస్టరమ్మ ప్రార్థనలో కూడా చెప్పింది.

సరిగ్గా అప్పుడే బూరె తిండి మానేసింది. కార్జం వేస్తే ముక్క అడుగుకు పోయి కుళ్లుతోంది. ఎందుకు తినడం లేదో నాకు అంతుపట్టలేదు. అత్తమ్మకు మాత్రం వెంటనే తెలిసిపోయింది.

"ఉపవాసం పట్టింది," అంది.

"చేప ఉపవాసం పట్టుడేంది అత్తమ్మా?"

"ఎందుకు పట్టదు? బైబిల్ల నీనెవె పట్టణంల పశువులు గూడ పట్టలేదా? నోరులేని జీవికున్నంత జ్ఞానం గూడ లేదు కొందరికి." ఆ కొందరు ఎవరో నాకు తెలుసు.

శుక్రవారం ఉపవాస కూడిక మా ముందుగదిలోనే పెట్టించింది. ఆడవాళ్లంతా తొట్టి చుట్టూ చాపలేసుకుని కూర్చుని బూరెను చూస్తూ పాటలు పాడారు. ఆ వారం నుంచి నా గిరాకీ పడిపోయింది. చేపే నోరు కట్టేసుకుంటే మనం కనుబొమ్మలు దిద్దించుకోవడమా అని సిగ్గుపడి, కుర్చీ దాకా వచ్చినవాళ్లు కూడా తొట్టికి దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. గిరాకీ పోతే పోయింది, ఈస్టర్ తర్వాత వస్తారు. బూరె వస్తుందా? దాని పొట్ట లోపలికి పోయింది. తల పెద్దదై ఒళ్లు సన్నబడింది. చచ్చిపోతుందేమోనని రాత్రుళ్లు లేచి లేచి చూసేదాన్ని.

జమ్లి వచ్చి చూసి నవ్వింది. "మా తండాల తీజ్ పండుగకు పిల్లలు ఉపవాసం ఉంటరక్కా. చేపలు ఉండంగ చూడలే. ఒక్కసారి కార్జం ఏసి చూపియ్యి."

వేశాను. బూరె ముక్క కోసం ఉరికి వచ్చింది. మూతితో పొడిచింది, వదిలేసింది. మళ్లీ పొడిచింది, మళ్లీ జారిపోయింది. నేను తొట్టి అద్దానికి ముఖం ఆనించి చూస్తే పెదవుల మధ్య తెల్లగా పిట్ట ముక్కు లాంటిది పొడుచుకొచ్చి ఉంది. ఉపవాసం ఉన్నవాళ్లు తిండిని చూసి ఇలా ఉరుకుతారా?

సుకుమార్‌తో హైదరాబాదు దుకాణానికి ఫోన్ చేయించాను. దుకాణం ఆయన తేలిగ్గా చెప్పేశాడు. "దాని పళ్లు గోర్ల లెక్క పెరుగుతనే ఉంటయ్ సార్. నత్తలు కొరికితే అరుగుతయ్. మెత్తటివి పెట్టిన్రా? అయితే పెరిగి నోరు మూస్కపోయుంటది. నీళ్లల్ల లవంగ నూనె చుక్కలేసి మత్తెక్కించి, గోర్లు కత్తిరించేదాంతోని జర కట్ చెయ్యున్రి. ఆలస్యం చేస్తే పోతది."

గోళ్లు కత్తిరించేది. మా ఇంట్లో దానికి కరువా? గోటి చుట్టూ తోలు తీసే సన్న కటింగ్ ప్లేయర్ తీసి వేడినీళ్లలో వేశాను.

సుకుమార్ తల పట్టుకున్నాడు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. వద్దు తబితా."

"ఊరంతటికీ గోర్లు తీసిన చెయ్యి ఇది. నువ్వు నోరు మూస్కొని టవలు పట్టుకో," అన్నాను.

అత్తమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "ఈస్టర్ దాక ఆగు. దాని ఉపవాసం చెడగొట్టకు."

అప్పుడు నాకు నిజంగానే కోపం తన్నుకొచ్చింది. "అది ఉపవాసం కాదత్తమ్మా. దానికి ఆకలైతాంది. పళ్లు బాగలేక తినలేకపోతాంది. నోరు తెరిచి చెప్పలేదు. చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేది. చుట్టూ కూసొని పాటలు పాడుతుంటే ఆకలితోని సచ్చిపోవాల్నా?"

అత్తమ్మ గుమ్మంలోంచి పక్కకు జరిగింది. ఆమె నాకు దారివ్వడం నేను ఆ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి. సుకుమార్ లవంగ నూనె కోసం బజారుకు బయలుదేరుతూ చెప్పులు వెతుకుతున్నాడు. అత్తమ్మ లోపలికి పోయి, తన తలగడ కింది నుంచి చిన్న సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. లవంగ నూనె. సగం ఖాళీ. ఎందుకుందని అడిగే తీరిక నాకు లేదు.

గిన్నెలోకి మార్చగానే బూరె బెదిరి ఉబ్బింది. ఒళ్లంతా ముళ్లు లేపి నన్ను కోపంగా చూసింది. నీళ్లలో చుక్కలు పడ్డాక మెల్లగా మెత్తబడి పక్కకు ఒరిగింది. తడి టవల్లో సుకుమార్ పట్టుకున్నాడు. అతను కదలకుండా మోచేతులు జమ్లి పట్టుకుంది. నేను పై పన్ను కొస కత్తిరించాను. టిక్. కింది పన్ను. టిక్. తెల్లటి పలుకు ఎగిరి అత్తమ్మ చీర మీద పడింది.

మంచినీళ్లలో వదిలితే బూరె కదలలేదు. సుకుమార్ నావైపు చూడటం మానేశాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి రెక్క కొట్టుకుంది. జమ్లి తండాలో నీళ్ల గాబు గోడల నుంచి ఏరి తెచ్చిన నత్తలు రెండు డబ్బాలో ఉన్నాయి. సాయంత్రం ఒకటి వేశాం. బూరె దాని చుట్టూ తిరిగింది, తల వంచి చూసింది, కొరికింది. కటుక్. ఆ చప్పుడుకు నేనూ జమ్లీ చంటిపిల్ల మొదటిమాట విన్నంత సంబరపడ్డాం.

జమ్లి తండాకు, సుకుమార్ డ్యూటీకి వెళ్లిపోయారు. నేను గది ఊడుస్తున్నాను. అత్తమ్మ వచ్చి, కాసేపు తొట్టి దగ్గర నిలబడి, కొంగుతో కుర్చీ తుడిచి అందులో కూర్చుంది. రుమాలు విప్పి పళ్ల సెట్టు నా గోళ్ల సామాను పళ్లెంలో పెట్టింది.

"నీ ఆకురాయి దీనికి పనికొస్తదా బిడ్డా?" అంది బోసినోటితో. "గీ పక్కన కత్తి లెక్క గుచ్చుతాంది. క్రిస్మస్ నుంచి."

"అయితే ఉపవాసం?"

"ఒక్కనాడు తినలేక జావ తాగిన. ఉపవాసమా అని అడిగిన్రు. అవ్ అన్న. ఇగ పాస్టరమ్మ ప్రార్థనల చెప్పినంక ఎట్ల దిగాలె? నాకు తోడుగ అది గూడ మానేసింది కదా అనుకున్న."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఆకలితో ఉన్నది ఒక్క చేపే అనుకున్నాను. గోళ్ల ఆకురాయితో ఆ పదునంతా నున్నగా అరగదీసి, మిగతాది రేపు పళ్ల డాక్టరుకు చూపిద్దామని చెప్పాను. ఆమె సెట్టు పెట్టుకుని దవడ అటూ ఇటూ ఆడించి చూసుకుంది. నేను వేయించిన పల్లీలు గిన్నెలో తెచ్చి ఇచ్చాను. బూరెకు రెండో నత్త వేశాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కటుకూ కటుకూ నమిలారు.

గిన్నె ఖాళీ చేసి అత్తమ్మ అంది. "శుక్రవారం కూడికల సాక్ష్యం చెప్త. చేపదీ, నాదీ. ఉన్నదున్నట్టు అందరి ముందల చెప్త."

"నవ్వుతరు అత్తమ్మా."

"నవ్వనియ్యి." కుర్చీలో వెనక్కి వాలి, కళ్లద్దాలు తీసి, ముఖం నావైపు పైకెత్తింది. "అందరూ నా మొహమే చూస్తరు. ఈ కనుబొమ్మలు జర సాపు చెయ్యి."