చచ్చినా మొహమాటమే

మామగారు పోయిన వెయ్యోరోజు విందుకి పదిమందిని పిలిచారు. పదిమందీ వచ్చారు. కాకపోతే పిలుపుకీ రాకకీ మధ్య పదిమందీ చచ్చిపోయారు, అదే వచ్చిన చిక్కు.

కోడలు రుమియాతి వంటింటి కిటికీలోంచి తొంగి చూసింది. ఊరిపెద్ద సస్త్రోగారు ఎప్పట్లాగే పెద్దపీట దగ్గరే కూర్చున్నాడు, ఎడమ చెవి మాత్రం లేదు. ఆయన పక్కన దీవెన చదివే ముసలాయన. చివర్లో ఎదురింటి జుమాది. మెడలో పావువంతు ఎవరో కొరుక్కుపోయినా, ఇస్త్రీ చేసిన బాతిక్ చొక్కా తొడుక్కునే వచ్చాడు. అందరూ చెప్పులు మెట్ల కింద వరసగా విడిచి, వసారాలో చాప మీద బాసింపట్లు వేసుకుని, తలలు వంచుకుని కూర్చున్నారు. ఎవరి ముందు వాళ్ళకి మూతపెట్టిన టీ గ్లాసు. అవి పెట్టింది అత్తగారు. కోడలు చూసేలోపే పెట్టేసి వచ్చింది మహాతల్లి.

ఈ రోగం మూడురోజుల కిందట దిగువపేట నుంచి పాకింది. కరిపించుకున్నవాడు చచ్చి, లేచి, ఇంకొకణ్ణి కరవాలని చూస్తాడు. అంతవరకూ ఎక్కడైనా అంతేనేమో. కానీ ఈ గునుంగ్ కిదుల్ కొండల్లో పెరిగినవాడు చచ్చాక కూడా పద్ధతి తప్పడు. ఇంటివాళ్ళు "తీసుకోండి" అనందే దేనిమీదా చెయ్యి వెయ్యడు. ఈ సంగతి జుమాది పుణ్యాన తెలిసింది. నిన్న పొద్దున అలా చచ్చి లేచినవాళ్ళు ముగ్గురు వచ్చి అతని వసారాలో గంటసేపు ఉలకకుండా కూర్చున్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? "అయ్యో, ఊరికే కూర్చున్నారేం, మొహమాటపడకండి, తీసుకోండి" అన్నాడు. తీసుకున్నారు.

కాబట్టి ఇప్పుడు ఈ ఇంట్లో ముగ్గురి ప్రాణాలూ ఒక్క నాలుక మీద ఆధారపడి ఉన్నాయి. ఆ నాలుక అత్తగారు సాతియెమ్‌ది. గుమ్మంలోకి కుక్క వచ్చినా తినమని బతిమాలే నాలుక అది.

"టీ చల్లారిపోతోందే," అంది అత్తగారు గిలగిల్లాడుతూ. "ఒక్కమాట అనేసి వస్తాను."

"ఆ ఒక్కమాటే అనకూడదత్తయ్యా."

"పిలిచి, కూర్చోబెట్టి, తినమనకపోతే రేపు ఊళ్ళో తలెత్తుకు తిరగద్దూ?"

"ఊరంతా ఆ చాప మీదే ఉంది. ఇంకెక్కడ తిరుగుతారు?"

అత్తగారు గుమ్మం వైపు రెండడుగులు వేసింది. రుమియాతి గభాలున తమలపాకులు ఇంత ఉండ చుట్టి ఆవిడ నోట్లో కుక్కింది. అది నమలడం అయ్యేలోగా రెండోది చుట్టింది. మూడోది చుట్టేసరికి ఆకులు అయిపోయాయి.

రుమియాతి మొగుడు, పేరు పుర్వోతో, మంచం కింద ఉన్నాడు. ఏదో పడిపోయిందిట, వెతుకుతున్నాడట.

అత్తగారు తుపుక్కున ఉమ్మేసి, మూతి తుడుచుకుని, గోడవారగా పేర్చిన వెదురుబుట్టల వైపు వేలు చూపించింది. విందుకొచ్చినవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళే బెర్కాత్ బుట్టలవి. అన్నం, కోడిముక్క, ఉడికించిన గుడ్డు, సోయాగింజల టెంపె వేపుడు, అన్నీ తెల్లవారకముందే సర్దిపెట్టేసింది ఆవిడ.

"పిచ్చిమొహమా, అది చేతికివ్వందే వాళ్ళెలా లేస్తారే? బుట్ట అందుకున్నాక కూడా కూర్చున్న మగాణ్ణి నా జన్మలో చూళ్ళేదు."

రుమియాతికి ఆ క్షణాన అత్తగారి కాళ్ళకి మొక్కాలనిపించింది. అయితే దీవెన చదవకుండా బుట్టలు పంచకూడదు. చదవాల్సిన ముసలాయనేమో చాప మీద, చచ్చి కూర్చున్నాడు. ఇద్దరాడవాళ్ళూ కలిసి పుర్వోతోని కాళ్ళు పట్టి మంచం కిందనుంచి లాగారు.

"నాకు సగమే వచ్చు!"

"ఆ సగమే రెండుసార్లు చదువు," అంది తల్లి.

అతను గడప దాటకుండా నిలబడి చదివాడు. ఆగినచోటల్లా చాపమీదనుంచి "ఆ... మీ... న్..." అని ఒక్క గొంతుగా మూలుగు లేచింది. ఒకచోట తప్పు చదివితే దీవెనల ముసలాయన తలెత్తి ఒక్క చూపు చూశాడు. పుర్వోతో ఆ ముక్క మళ్ళీ మొదలెట్టి సరిగ్గా చదివాడు.

రుమియాతి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, నడుం వంచి, ఒక్కొక్కరికీ బుట్ట అందించింది. అందుకున్నవాడు అందుకున్నట్టే లేచాడు. మెట్ల కింద ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కున్నారు. జుమాదికి ఒక చెప్పు ఎక్కక అవస్థపడుతుంటే ఆమె చూపు తిప్పుకోలేకపోయింది. మొన్నమొన్నటిదాకా గోడ మీంచి పచ్చి పనసకాయలు అందించిన మనిషి. ఏం పాపం చేశాడని?

వెదురు గేటు దగ్గర సస్త్రోగారు వెనక్కి తిరిగి, సెలవు తీసుకుంటున్నట్టు తల వంచాడు. మిగతావాళ్ళూ వంచారు.

ఇంత గండం గడిచిందన్న సంతోషం, జుమాది మీద జాలి, రెండూ కలిసి రుమియాతి గొంతులోకి ఒక్కసారే వచ్చాయి. చేతులు కట్టుకుని, వినయంగా వంగి అంది:

"సరిగ్గా మర్యాద చెయ్యలేకపోయాం, ఏమీ అనుకోకండి. మళ్ళీ రండి. ఈసారి మొహమాటపడకుండా, తృప్తిగా తిని వెళ్ళాలి."

కాలు జారితే తీసుకోవచ్చు. పదిమందీ ఆగిపోయారు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. సస్త్రోగారు నెమ్మదిగా, చాలా సంతోషంగా తలూపాడు. తర్వాత బుట్టలు పట్టుకుని టేకుచెట్ల దారిన వెళ్ళిపోయారు.

"ఏమన్నావే?" అన్నాడు మొగుడు పాలిపోయిన మొహంతో.

"మర్యాదకన్నాను."

"వాళ్ళూ మర్యాదకే వస్తారే!"

"ఎప్పుడని చెప్పలేదుగా," అంది రుమియాతి పీలగా.

"రోజు చెప్పకుండా పిలిస్తే రేపే అని అర్థం," అంది అత్తగారు ఖాళీ గ్లాసులు తేవడానికి వెళ్తున్నట్టు నిండు గ్లాసులు ఏరుకుంటూ. "నాకు మాత్రం హాయి. రేపు ఎవరూ నా నోట్లో ఆకులు కుక్కక్కర్లేదు. తినమని నువ్వే చెప్పేశావుగా."