గంజి పొడి

గంజి ముదిరిందని ఈరేష్ తేల్చినప్పుడు అరుణకుమారి కాదనలేదు. మగ్గం పక్కన నేల మీద రాలిన తెల్లటి పొడిని అతను వేలికి అద్దుకుని, కిటికీ దగ్గరికి పోయి వెలుగులో తిప్పి చూశాడు. "పడుగు పెళుసుబారింది. అందుకే పొడి రాలతాంది, అందుకే పోగులు ఊడతాండాయి. గంజి పెట్టే గోవిందన్న చేతులు పోయినాయి" అన్నాడు. ఆమె చీపురు అందుకుని మిగిలిన పొడిని ఊడ్చేసింది. అది గంజి కాదని ఆ ఇంట్లో తెలిసింది ఆమె ఒక్కదానికే. తన మోచేతుల మీది పొట్టును మొగుడు వేలికి అద్దుకుని అంత శ్రద్ధగా పరీక్ష చేస్తుంటే ఏ ఆడదానికి నోరు పెగులుతుంది? పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన తన చర్మాన్ని అంత దగ్గరగా చూడటం కూడా అదే మొదలు.

ఆదోనిలో బీకాం చదివి ఎమ్మిగనూరు నేతవాళ్ళింటికి కోడలిగా వచ్చింది అరుణకుమారి. నాలుగో ఏట మోచేతుల మీద, నడుం దగ్గర, జుట్టు మొదళ్ళలో ఎర్రటి మచ్చలు లేచాయి. వాటి మీద వెండిరంగు పొట్టు కట్టింది. అత్త మద్దమ్మ మొదట తువ్వాలు వేరు చేసింది, తర్వాత దువ్వెన వేరు చేసింది, ఆ తర్వాత పాపకు జడలు నువ్వెయ్యద్దు అంది. వంట మాత్రం వేరు చెయ్యలేదు. ఎంత అంటుకునే జబ్బయినా వంటింట్లోకి మాత్రం దానికి ప్రవేశముంది. ఆస్పరిలో పసరు పూసే మనిషి ఉన్నాడంటే అమావాస్య అమావాస్యకీ తీసుకుపోయింది మద్దమ్మ. ఐదో అమావాస్యకి ఆ ఆకుపచ్చ కంపు ఇక భరించలేక, "తగ్గిపోయిందత్తా" అనేసింది అరుణకుమారి. మద్దమ్మ ఆనందం పట్టలేక వీధిలో సగం మందిని ఆస్పరి బస్సెక్కించింది. అప్పట్నుంచి అరుణకుమారి నయమైన మనిషి. నయమైన మనిషికి నడివేసవిలో మణికట్టు దాకా జాకెట్టు ఎందుకని అడిగినవాళ్ళు లేరు. రాలిందంతా మగ్గం దగ్గరే రాలేట్టు చూసుకునేది. అక్కడ తెలుపు మీద ఎవరికీ అనుమానం రాదు.

నిరుటి వానాకాలం నుంచి వేళ్ళ బాధ మొదలైంది. పొద్దున్నే లేస్తే గంటసేపు పిడికిలి ముడుచుకోదు. కుడి చూపుడువేలు మొదలు నుంచి కొస దాకా ఒకే లావున వాచి, ఎవరిదో వేలు తెచ్చి అతికించినట్టుంది. మడమ నేలకు ఆనించాలంటే భయం. ఓ రోజు చేతిలోంచి చెంబు జారితే మద్దమ్మ, "మా కాలంలో మాకు వేళ్ళున్నాయని గుర్తు సేసుకునేకి కూడా తీరికుండేది కాదు" అంది. ఆ మాటకు నవ్వొచ్చింది కూడా అరుణకుమారికి. తనకు మాత్రం వేళ్ళు తప్ప ఇంకేదీ గుర్తుండటం లేదు.

మగ్గం మీద పాత పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా పాత కొసలకు చేర్చి, బూడిద అద్దిన వేళ్ళతో పురిపెట్టి అతకాలి. రెండు వేల పైచిలుకు పోగులు. అది అరుణకుమారి పని. వంట, బట్టలు, నూలు కండెలు చుట్టడం అయ్యాక మిగిలిన తీరికలో చేసే పని కాబట్టి దానికి పని అన్న పేరు లేదు. వాచిన వేళ్ళకు పురి బిగియడం లేదు. ఈరేష్ మగ్గమెక్కి నాలుగు వరసలు నేసేసరికి అతుకులు ఊడిపోతున్నాయి. తెగిన పోగుకూ ఊడిన అతుకుకూ తేడా తెలియని నేతగాడు ఎమ్మిగనూరులో ఉండడు. కానీ అతుకుల్ని అనుమానించాలంటే, వాటిని ఎవరో ఒకరు పెట్టారని ముందు గుర్తుకు రావాలి కదా.

ఆదోనిలో ఆమెకు ఇద్దరు డాక్టర్లుండేవారు. అమ్మను చూసొస్తానని పోయి ఒకరి దగ్గర పూత మందు, ఇంకొకరి దగ్గర నొప్పి మాత్రలు తెచ్చుకునేది. చర్మం డాక్టరుకు వేళ్ళ సంగతి చెప్పలేదు, ఎముకల డాక్టరు దగ్గర జాకెట్టు చేతులు పైకి లాగలేదు. ఒక్కరి ముందు రెండు సిగ్గులు విప్పడం మరీ ఎక్కువనిపించింది. పోయిన నెల కొత్తగా వచ్చిన కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆమె వేళ్ళకంటే ముందు గోళ్ళు చూసింది. సూదితో పొడిచినట్టు గుంతలు. మోచెయ్యి చూపించమంది. అక్కడ నొప్పి లేదు మేడం అంది అరుణకుమారి. "నొప్పి కోసం కాదమ్మా."

జాకెట్టు చెయ్యి పైకి లాగగానే బల్ల మీద పొట్టు రాలింది. అరుణకుమారి కొంగుతో తుడవబోతే డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఇది చర్మం మీద ఒకటీ కీళ్ళలో ఇంకొకటీ కాదని, సోరియాసిస్ కొందరికి కీళ్ళలోకీ పోతుందని, ఎవరికీ అంటుకోదని చెప్పింది. వారానికోసారి మాత్ర, నెలనెలా రక్తపరీక్ష, రెంటికీ కలిపి ఒకే వైద్యం. పురిపెట్టే పని మాత్రం ఆపాలి, లేకపోతే వేళ్ళు వంకరపోయి అట్లే నిలిచిపోతాయి, ఇంట్లో చెప్పు అంది.

మాత్రలు మెంతుల డబ్బాలో చేరాయి. చెప్పడం మాత్రం రేపటికి, ఎల్లుండికి జరుగుతూ పోయింది. చెబితే ఆస్పరి అబద్ధం దగ్గర్నుంచీ మొదలుపెట్టాలి. ఈలోగా ఈరేష్ కూడా డాక్టరమ్మలాగే రెంటికీ కలిపి ఒకే కారణం కనిపెట్టాడు. గంజి. ఆమెకు అది ఎంత హాయిగా అమరిందంటే, అందులో గోవిందన్న అనే మనిషి ఒకడున్నాడని తలుచుకోవడం మానేసింది.

ఆదివారం పొద్దున కొత్త పడుగును వీధి పొడుగునా సాచారు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటి పడుగులకు గంజి పెట్టేది గోవిందన్నే. ఆయన బాన దగ్గర కూర్చుని కలుపుతుంటే ఈరేష్ పోయి, వీధంతా వింటుండగా, "ఈ పడుగుతో సరి గోవిందన్నా. వచ్చేసారికి వేరేవాళ్ళను సూసుకుంటాం. నీ చేతులు పోయినాయప్పా" అన్నాడు.

గోవిందన్న గొడవపడతాడని గడపలో నిలబడ్డ అరుణకుమారి అనుకుంది. పడితే బాగుండనీ అనుకుంది. ఆయన గంజిని రెండు వేళ్ళ మధ్య రాసి చూసుకున్నాడు.

"నాకు బాగనే అనిపిస్తాంది. కానీ చేతికి తెలివి పోయింటే, ఆ సంగతి చేతికేం తెలుస్తాది? తప్పు నాదేనేమోలే."

అని చేతులు రెండూ భుజం మీది తువ్వాల్లో చుట్టుకున్నాడు. ఎవరికీ కనబడకుండా.

ఆ చుట్టుకోవడం అరుణకుమారికి బాగా తెలుసు. ఏడేళ్ళుగా చేస్తున్నది అదే. ఇన్నాళ్ళూ సిగ్గంటే తనొక్కతే మోస్తున్న బరువనుకుంది. దాన్ని తీసి ఒక ముసలాయన భుజాన పెట్టి, తను గడపలో నిలబడి చూస్తోందని ఆ క్షణం దాకా తట్టలేదు. 

మెట్టు దిగింది. మణికట్టు దగ్గరి గుండీ వాచిన వేళ్ళకు లొంగకపోతే పళ్ళతో తీసింది. జాకెట్టు చెయ్యి మోచేతి పైదాకా లాగింది.

"గంజి బాగనే ఉండాది. రాలింది నా తోలు. ఆస్పరి మందుకు తగ్గలేదత్తా, అబద్ధం చెప్పినా. ఊడిన అతుకులూ నావే. పదకొండేండ్లుగా ఈ ఇంట్లో ప్రతి పడుగూ అతికింది నేను. పోయిన చేతులు నావి, ఆయనవి కాదు."

ఎదురింటి మంజుల తన పిల్లను కొంచెం వెనక్కి లాక్కుంది. ఎంతమందిని పంపిస్తినే ఆస్పరికి అని మద్దమ్మ గొణిగింది. ఎండ సూటిగా మోచేతి మీద పడుతోంది. నేల చీలితే బాగుండనిపించింది కానీ జాకెట్టు చెయ్యి కిందికి దించలేదు. గోవిందన్న ఆమె వేళ్ళ వంకే చూస్తున్నాడు. ఈరేష్ మోచేతి వంక చూసి, తన చూపుడువేలును లుంగీకి తుడుచుకున్నాడు. అతను ఏమడుగుతాడో అరుణకుమారి నెల రోజులుగా ఊహించుకుంటూనే ఉంది. అంటుకుంటుందా అంటే ఏం చెప్పాలో, ఎందుకు దాచావంటే ఏం చెప్పాలో, అన్నిటికీ జవాబులు వరస పెట్టుకుంది. నొప్పిగా ఉందా అని అడిగితే మాత్రం ఏడుపొస్తుందేమోనని భయపడింది.

"అయితే ఈ పడుగు ఎవరు అతకాల?" అన్నాడు ఈరేష్.

ఏడుపు రాలేదు.

"మీరే" అంది అరుణకుమారి. "పడుగు ఎండి మగ్గమెక్కినాక కూర్చోండి. మొదటి పోగు నేను చూపిస్తా. తక్కిన రెండు వేలూ మీవి."