ముందు కుర్రవి, తర్వాత ముసలివి

నేను ఒక గిలటిన్‌ని. కంగారు పడకండి, మీ మెడ నాలో పట్టదు. ఎలుకది పడుతుంది. ఫ్రాన్సులో రాజుల తలలు తీసిన మా ముత్తాతగారి బొమ్మ మీరు చరిత్ర పుస్తకంలో చూసే ఉంటారు. మాది ఆ వంశంలో బీద శాఖ. ఆయన తల తీస్తే దేశాలు అదిరేవి. నేను తీస్తే కింద ప్లాస్టిక్ బకెట్ చప్పుడు చేసేది.

పుట్టింది అంబాలాలో, ఒక రేకుల షెడ్డులో. నన్ను కోసిన ఉక్కులోంచే మా తమ్ముణ్ణి కూడా కోసి, పశువుల మేత నరికే యంత్రానికి బిగించారు. వాడు జన్మంతా గడ్డి నరికి పుణ్యం మూటగట్టుకున్నాడు. నన్ను సైన్సులో వేశారు.

గూడ్సు బండిలో విశాఖపట్నం చేరాను. సముద్రం కనబడే ఎత్తు మీద ఒక యూనివర్సిటీ, అందులో ఒక ప్రయోగశాల. అక్కడి ఉప్పుగాలి మామూలుది కాదు. ఇనప కుర్చీలో కూర్చుని టీ తాగి లేచేలోపు మనిషికీ కుర్చీకీ కలిపి తుప్పు పట్టేది. నా కత్తి సంగతి చెప్పేదేముంది!

నా యజమాని ప్రొఫెసర్ సత్యానందం. ఆయన వెతుకుతున్నది మెదడులోని ఎదుగుదల ప్రొటీన్లని. నాడీకణాలకు తిండీ అవే, ధైర్యమూ అవే. అవి అందితే కణం కొమ్మలు వేస్తుంది, పక్క కణంతో చెయ్యి కలుపుతుంది. అందకపోతే మూలన కూర్చున్న అత్తగారిలా ముడుచుకుపోతుంది. రోగమూ రొష్టూ ఏమీ లేకుండా, మామూలుగా వయసు మీద పడితే ఈ ప్రొటీన్లు ఏమవుతాయి? ఇదీ ఆయన ప్రశ్న. జవాబు తల లోపల ఉంది. తలకి తలుపు లేదు. అందుకని నన్ను తెప్పించాడు.

పని ఇలా జరిగేది. జంతుశాల చూసుకునే అప్పలసూరి పొద్దున్నే బోనులన్నీ మోసుకొచ్చి గోడవారగా పేర్చేవాడు. ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తున్న పైడితల్లి ఎలుకను మెత్తటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి మెడ నా నోటికి అందించేది. ప్రొఫెసర్ పిడి నొక్కేవాడు. టక్. తల ఇటు, మొండెం అటు. మొండెం కాసేపు కాళ్లు తన్నుకునేది, ఇంకా వార్త అందనట్టు. పైడితల్లి పుర్రె విప్పి, మెదడును చెంచాతో తీసి, చల్లటి పొగలు కక్కే ద్రవంలో పడేసేది. మళ్లీ టక్. మధ్యాహ్నానికి నా చుట్టూ నేల పెళ్లివారు తాంబూలాలు ఉమ్మిన గోడలా ఉండేది.

ఏడాదికోసారి, దసరాకి, నా కత్తికి సానపట్టేవారు. ఆయుధపూజనాడు పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ గుచ్చి, నా ముందు గుమ్మడికాయ పగలగొట్టేవారు. ఆ ఒక్కరోజూ నాకు శాకాహారం.

సాన ఏడాదికోసారే కనుక ఆ గదిలో ఒక ఆచారం ఏర్పడింది. కుర్ర ఎలుకల మెడ సన్నం, ముసలివాటి మెడ మేకపోతుది. ముసలివాటితో మొదలుపెడితే కత్తి మొద్దుబారుతుంది. కాబట్టి ముందు కుర్రవి, తర్వాత ముసలివి. ఇంతకుముందు పరిశోధన చేసినవాళ్లూ అలాగే చేశారు, వాళ్లకి నేర్పినవాళ్లూ అలాగే చేశారు. ఎందుకని అడిగినవాడు లేడు. అడగడానికి అదేమైనా సైన్సా, పద్ధతి!

ఫలితం మాత్రం అద్భుతంగా వచ్చింది. కుర్ర మెదడులో ప్రొటీన్ ఎంత ఉందో, ముసలి మెదడులో దాంట్లో దాదాపు సగమే ఉంది. ప్రొఫెసర్ పేపరు అచ్చయింది. గ్రాఫుకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు. అప్పలసూరి ఎవరో పోయారనుకుని దానికి దండ కూడా వేశాడు.

ఇంతవరకూ చచ్చినవి ఎలుకలే. తర్వాత ఆ గ్రాఫు ప్రొఫెసర్ మీద పడింది.

ఆయనకి రిటైర్మెంటు దగ్గరకొచ్చింది. ఒకరోజు స్కూటరు మీద రైతుబజారుకి వెళ్లి, బస్సులో ఇంటికొచ్చి, స్కూటరు పోయిందని పోలీసు రిపోర్టు ఇచ్చాడు. పోలీసులు వెళ్లి చూస్తే ఆయన పెట్టినచోటే ఉంది, కొక్కేనికి ములక్కాడల సంచీతో సహా. మర్నాడు ల్యాబ్‌కి వచ్చి గ్రాఫులో కుంగిపోయిన కొస మీద వేలు పెట్టి, "ఇదిగో, నేను ఇక్కడున్నాను" అన్నాడు.

యూనివర్సిటీ ఆయన్ని ఇంకొన్నేళ్లు ఉండమంది. ఆయన ససేమిరా అన్నాడు. పైడితల్లి గుండెల్లో రాయి పడింది. మెదడు మీద పనిచేసేవారు ఆ శాఖలో మరెవరూ లేరు. ఈయన వెళ్లిపోతే ల్యాబ్‌కి తాళం, ఆ పిల్లను రొయ్యల చెరువులు చూసే ఇంకో ప్రొఫెసర్‌కి అప్పగిస్తారు. పార్వతీపురం నుంచి వచ్చి, ఊళ్లో అందరూ పెళ్లెప్పుడు పెళ్లెప్పుడు అని తినేస్తున్నా పళ్లు బిగించి చేసిన చదువు రొయ్యల పాలు.

"ఒక్క స్కూటర్ మర్చిపోయినందుకు ల్యాబ్ మూసేస్తారా సార్?"

"నువ్వు గీసిన గ్రాఫే కదమ్మాయ్. నువ్వే నమ్మవా?"

"అది ఎలుకలది సార్."

"ఎలుక ఏనాడూ స్కూటర్ మర్చిపోలేదు. దానికన్నా అధ్వాన్నంగా ఉన్నాను నేను."

ఆయన చేతులమీదుగా జరగాల్సిన ఆఖరి విడత వచ్చింది. బోనులు గోడవారగా పేర్చారు. ముసలి ఎలుకల్లో ఒకటి చిన్నసైజు పందికొక్కు. ప్రొఫెసర్ దాని బోను పక్కకి జరపబోయాడు. అది కమ్మీల సందులోంచి ఆయన బొటనవేలు అందుకుంది. అందుకుని వదల్లేదు. ఆయన చెయ్యి విదిలిస్తే బోనుతో సహా గాల్లో ఊగింది. నెత్తురు కోటు మీద, పైడితల్లి కళ్లజోడు మీద, నా మీద. ఆ గదిలో నా ప్రమేయం లేకుండా నెత్తురు చిందడం అదే మొదలు. నాకు చిన్నతనంగా అనిపించింది.

"బాబోయ్! కరిసీసింది! ఏలు ఊడొచ్చీసిందేటి సారూ?" అని అప్పలసూరి గెంతాడు.

"ఊడలేదు! ముందు దీని పీక తెగాలి. ముసలివాటినే ముందు పట్రా!"

"అలగ్గాదు సారూ, కత్తి మొద్దైపోద్ది. ఆనక కుర్రోటికి తెగదు."

"తెగకపోతే నేనే కొరుకుతా. పట్రా అంటే పట్రా!"

వేలికి జేబురుమాలు చుట్టుకుని ఆయన నా పిడి మీద పడ్డాడు. అది నొక్కడం కాదు, పగతీర్చుకోవడం. టక్ అనవలసిన చోట గడక్ అన్నాను. పందికొక్కు తల బకెట్ దాటి బీరువా కిందకి దొర్లింది. దాని వెనక మిగతా ముసలివన్నీ. కుర్రవి గోడవారనే ఉన్నాయి. పొద్దెక్కేకొద్దీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దైపోయాయి. గడక్ అన్నప్పుడల్లా ఆ ముద్ద అంతా ఒక్కసారి ఎగిరిపడేది. వాటి వంతు వచ్చేసరికి నా కత్తి నిజంగానే మొద్దుబారింది. ఆ వివరాలు మీరు అన్నం తినేటప్పుడు చదువుతారేమోనని వదిలేస్తున్నాను.

ఆ విడత లెక్క తేలిన రోజు ల్యాబ్‌లో యుద్ధం. ఈసారి ముసలి మెదళ్లలో ప్రొటీన్ నిండుగా ఉంది. కుర్ర మెదళ్లలో పడిపోయింది.

"సీసాల మీది చీటీలు తారుమారు చేశావు!" ప్రొఫెసర్ గాజు ఫ్లాస్కు ఎత్తి గోడకేసి కొట్టాడు. అది ఫ్రేముకి తగిలి రెండూ భళ్లుమన్నాయి. "ఇన్నేళ్లు నేర్పితే ఇదా? కుర్రదేదో ముసలిదేదో తెలియదా?"

"తెలుసు సార్."

"ఏం తెలుసు?"

పైడితల్లి గాజుపెంకుల మధ్య నిలబడి గోడవారకి చూపించింది. "ఎప్పుడూ ఆఖర్న ఎవరుండేవారు సార్, అక్కడ?"

"ముసలివి."

"మొన్న?"

ఆయన తన వేలి కట్టుకేసి చూసుకున్నాడు.

"పొద్దుట్నుంచీ పక్కవాడి తల తెగుతున్న చప్పుడు వింటూ, ఆ నెత్తుటి వాసన పీలుస్తూ కూర్చున్నవాడి మెదడు సార్ మనం కొలిచింది. మన గ్రాఫులో ఉన్నది వయసు కాకపోవచ్చు. భయం అయ్యుండొచ్చు. అదే నిజమైతే మీ పేపరు ఒక్కటే కాదు, నా థీసిస్ కూడా బకెట్లోకే."

ఆ మాట ఆ పిల్ల చెప్పి ఉండనక్కర్లేదు. చీటీలు తారుమారయ్యాయని ఒప్పేసుకుని, పాత లెక్కలతో థీసిస్ ఇచ్చేసి, డాక్టరమ్మై పార్వతీపురం బస్సెక్కొచ్చు. నేను చాలా తలలు చూశాను. తన తల తనే తెచ్చి నా నోట్లో పెట్టినది అదొక్కతే.

ప్రొఫెసర్ కట్టుకట్టిన చేత్తో బల్ల మీద గుద్దాడు. ఇంకోసారి గుద్దాడు. కట్టు తడిసి ఎర్రబడింది. అప్పలసూరి గుమ్మంలోంచి తొంగిచూసి, "నానొగ్గీసి ఎల్లిపోతన్నాను సారూ, మీరిద్దరూ కొట్టుకోండి" అని మాయమయ్యాడు.

ప్రొఫెసర్ పెంకుల్లోంచి గ్రాఫు ఏరి అన్నాడు: "ఒక్క విడత చాలదు. మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి."

"ఎవరు సార్? మీరు వెళ్లిపోతున్నారుగా?"

"అది నా బుర్ర సగం చచ్చిందనుకున్నప్పటి మాట."

ఉండిపోయాడు. ఈసారి ఎలుకను ఒక్కొక్కదాన్నే వేరే భవనం నుంచి తెచ్చారు. ఏది ముందో చీటీ తీసి తేల్చారు. ప్రతి టక్‌కీ గది కడిగారు. అప్పలసూరి నడుము పడిపోయింది, మాట మాత్రం పడిపోలేదు. తేలిందేమిటంటే, వయసుతో ప్రొటీన్ మెదడులో కొన్నిచోట్ల కాస్త తగ్గింది, కొన్నిచోట్ల దాదాపు అంతే ఉంది. ఎక్కువ తగ్గినవి దాన్ని అందుకోవడానికి కణాలు చాచే చేతులు. సరుకు వస్తూనే ఉంది, పుచ్చుకోవడం నెమ్మదించింది. ప్రొఫెసర్ పాత పేపరు తప్పని తనే అచ్చు వేయించాడు. పక్క శాఖలవాళ్లు కారిడార్లో ఎదురైతే ఎలుకలా కీచుమని నవ్వేవారు. ఆయన వాళ్లకి ఎలుక కొరికిన బొటనవేలి మచ్చ చూపించేవాడు.

తర్వాత కొత్త గిలటిన్ వచ్చింది, తుప్పు పట్టని జాతి. నన్ను శాఖ గుమ్మం పక్కన అద్దాల బీరువాలో పెట్టారు. వచ్చేపోయేవాళ్లు జడుసుకుంటారని పెద్దలెవరో నా మెడలో అట్టముక్క వేలాడదీశారు: 'పూర్వకాలపు కాగితాలు కోసే పరికరం'. ఇంతమంది తలలు తీసి నేను చివరికి గుమస్తానయ్యాను.

పైడితల్లి వైవా అయిన రోజు ప్రొఫెసర్ కర్ర పట్టుకుని వచ్చాడు. కొత్తగా చేరిన విద్యార్థులు మూగారు. ఆయన అట్టముక్క చదివి, బీరువా తలుపు లాగి, దాన్ని పీకి పారేశాడు.

"కాగితాలు కాదు, ఇది ఎలుకల తలలు తీసింది. తీయించింది నేను. ఏళ్ల తరబడి తప్పుగా తీయించాను. భయాన్ని వయసనుకున్నాను." ఎక్కడా తడబడకుండా మొత్తం చెప్పాడు, బోనుల వరసతో సహా. "ఆ తప్పు పట్టుకున్నది ఈ అమ్మాయి. ఈ అమ్మాయి పేరు..."

ఆగిపోయాడు. పేరు రావడం లేదు. విద్యార్థులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అప్పలసూరి అందించబోతే పైడితల్లి కళ్లతోనే ఆపేసింది.

"తొందరేం లేదు సార్" అంది. "మాకు వేరే పనేం లేదు."

ఆయన కాసేపు కిటికీలోంచి సముద్రంకేసి చూశాడు. తర్వాత ఇటు తిరిగి, ఇంటిపేరుతో సహా చెప్పాడు.