కొంగ మార్కు

నేను ఒక ఇత్తడి అచ్చును. ఈ క్షణాన నిండు కోర్టులో నా ముఖానికి నల్ల సిరా పూస్తున్నారు. ఎన్నాళ్లుగానో లక్క సీలు వేసిన గుడ్డసంచిలో ఊపిరాడక పడి ఉన్నాను. బయటికి తీసింది జాలితో కాదు, సాక్ష్యం కోసం.

బోనులో ఉన్న ముసలమ్మ గవరమ్మ. ఈ పూట ఓడిపోతే ఆమె అమ్మే చుట్టల ప్యాకెట్ల మీద ఇక కొంగ బొమ్మ ఉండకూడదు. ఆ కొంగను నా మీద చెక్కించింది ఆమె తండ్రి అప్పలస్వామి, రంగూన్‌లో. ఒక ఉదయం అక్కడి సర్కారు ఆయన కార్ఖానాకు తాళం వేసి, ఇక ఇది మాదే అంది. ఆయన నన్ను బియ్యం మూటలో దాచి ఓడెక్కాడు. దారిలో ఎవరిదో ట్రంకుపెట్టె నా మీద పడి, కొంగ కాలొకటి నలిగిపోయింది. శ్రీకాకుళం చేరాక పాత లేబులు చూసి రెండు కాళ్ల కొంగతో కొత్త అచ్చులు చేయించాడు. నన్ను ఇనప్పెట్టెలో పెట్టాడు. మనుషులు ప్రాణంగా చూసుకునేవాటినే చీకట్లో పెట్టి తాళం వేస్తారు.

"రంగూన్ సర్కారు దగ్గర ఈ మార్కు కొన్నాం. అది ఎవరి దగ్గరో లాక్కున్నదని మాకు తెలియదు" అన్నాడు ఎదుటి కంపెనీ వకీలు. కొత్త చట్టం ప్రకారం, లాక్కున్నదని తెలిసీ అసలు యజమాని ఒప్పుకోలు లేకుండా కొంటే ఆ మార్కు చెల్లదు. తెలియదన్న ఆ ఒక్క మాట మీదే వాళ్ల కేసు నిలబడింది.

గుమాస్తా నన్ను కాగితం మీద నొక్కాడు. ఒంటికాలి కొంగ. పక్కన కంపెనీ లేబులు పెట్టారు. అదీ ఒంటికాలిదే. కొంగలు అలాగే నిలబడతాయి కదా, నా ముద్ర తీసుకెళ్లినవాడికి అది నలిగిన కాలని అనుమానమే రాలేదు.

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "అంటే వాళ్ల బొమ్మ రంగూన్‌ నుంచి కాదు, మీ ఇనప్పెట్టెలోంచే వెళ్లింది. అసలు యజమాని ఎవరో వాళ్లకు తెలుసన్నమాట. మీరే ఇచ్చారంటే ఒప్పుకున్నట్టే, కేసు పోతుంది. లేదా ఎవరిచ్చారో పేరు చెప్పండమ్మా."

ఆ పెట్టెకు తాళంచెవులు రెండు. ఒకటి ఆమె మొలలో. రెండోది, బోను పక్కనే ఆమె చేతికర్ర పట్టుకుని నిలబడ్డ తమ్ముడి జేబులో.

"అప్పా, గురుతు నేదని సెప్పీ. ముసిల్దానివి, నమ్ముతారు" అని గొణిగాడు తమ్ముడు.

ఆనాడు నన్ను సిరాలో ముంచిన వేళ్లు నాకు తెలుసు. అరవాలనుంది. ఇత్తడికి నోరెక్కడిది?

గవరమ్మ వాడివైపు తిరిగింది. "నిన్ను సంకనేసుకుని ఓడ దిగినాన్రా."

తర్వాత జడ్జిగారికి చేతులు జోడించింది.

"మా తమ్ముడు బాబూ. తవిటయ్య. ఆడే ఇచ్చినాడు."