నలభై మూడేళ్ల దాకా ఆడినవాడు

ఆరో సాంచె మీద పోగు తెగింది. రాజమౌళి మీట లాగి దాన్ని ఆపాడు. ఒంగి, తెగిన కొసను వెతికి పట్టుకుని, వేళ్ల మధ్య నలిపి ముడేసి, మళ్లీ మీట తోశాడు. ఇందులో కళ్లకు పెద్దగా పని లేదు. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు, అంతా వేళ్లకే తెలుసు. సాంచె అంటే మరమగ్గం. లింబాయత్‌లోని ఆ రేకుల షెడ్డులో ముప్పై రెండు సాంచెలుంటే ఎనిమిది అతనివి. అతనివి అంటే సేఠ్‌వే, చాకిరీ మాత్రం అతనిది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఆరడుగుల పైన ఒక అంగుళం. షెడ్డు దూలాల కింద తల వంచి నడిచీ నడిచీ, బయట వీధిలో కూడా వంచే నడుస్తాడు. మోకాళ్లు రెండూ వాచి ఉంటాయి. చెవులు సగం పోయాయి, ఆ మోతలో ఎవరికి మాత్రం మిగులుతాయి? కనుబొమల మీద నూలు దుమ్ము. చూడ్డానికి ఇంతే. కానీ బస్తీలో అతను ఎదురైతే అరుగుల మీది మనుషులు కాళ్లు ముడుచుకుని దారిస్తారు. బాస్కెట్‌బాల్ రాజమౌళి మరి. కరీంనగర్ పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని సూరత్ వచ్చిన నేతవాళ్లకు ఈ ఆట ఎలా అంటుకుందని అడిగితే, బస్తీ పక్క స్కూలు గ్రౌండులో రెండు ఇనుప రింగులు ఉన్నాయి, అంతే కారణం. రింగు కనిపిస్తుంటే బంతి వేయకుండా ఎవరుంటారు?

నాలుగో సాంచె దగ్గరికి రాగానే ఒంగి, పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడెకు అడ్డంగా ఉండే ఇనుప కడ్డీని పట్టుకుని కదిపి చూశాడు. గట్టిగానే ఉంది. పొద్దుట్నుంచి చూడడం ఇది మూడోసారి.

పది గంటలకు చాయ్. మెకానిక్ పరమేశ్ అప్పటికే గేటు బయట గోనెసంచి మీద కూర్చుని ఫోన్‌లో అమెరికా ఆట చూస్తున్నాడు. ముప్పై అయిదేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. వాదన దొరికితే చాయ్ చల్లారిపోయినా పట్టించుకోడు.

"కాకా, గీయన్ను జూడు. నలభై దాటినయ్, ఇంక ఎగురుతనే ఉండు. పాత జమానా మొనగాళ్లు ముప్పై అయిదుకే మోకాళ్లు వట్టుకొని ఇంట్ల గూసున్నరు. మరి ఎవలు గొప్ప?"

"జమానా వేరు రా," అన్నాడు రాజమౌళి. "గప్పుడు గీ బూట్లు లెవ్వు, గీ డాక్టర్లు లేరు."

"బూట్లు ఆడుతయా కాకా?"

ఇదంతా ఎటు తిరిగి ఎక్కడికొస్తుందో రాజమౌళికి తెలుసు. వారం రోజులుగా అక్కడికే వస్తోంది. ఆదివారం గ్రౌండు గోడకు రంగులేస్తున్నారు. రింగు వెనక ఒక ఆటగాడి బొమ్మకు చోటుంది, ఒక్కటే బొమ్మకు. సోమలింగమా, రాజమౌళా?

సోమలింగానిది మట్టి గ్రౌండు కాలం. నీళ్లు చల్లి, సున్నం గీతలు గీసుకుని ఆడేవాళ్లు. ఎవరూ అడ్డు రాని ఫ్రీ త్రో వేయాలంటే రెండు చేతులతో బంతిని మోకాళ్ల దగ్గరికి దించి, బావిలోంచి చేద తీసినట్టు పైకి లేపేవాడు. చూసినవాళ్లు నవ్వేవాళ్లు, బంతి మాత్రం రింగును తాకకుండా దిగేది. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీత అప్పుడు లేదు, ఉండుంటే అతని లెక్క ఎవరికీ అందేది కాదని పెద్దవాళ్లంటారు. రాజమౌళిది సిమెంటు గ్రౌండు కాలం. గాల్లోకి లేచి, పైన ఒక్క క్షణం ఆగి, ఒంటిచేత్తో వదిలేవాడు. బస్తీ ఆడపిల్లలు కూడా మేడల మీద నిలబడి చూశారు.

ఇలా పోలిస్తే ఎన్నాళ్లయినా తెగదు. అందుకే పరమేశ్ కొత్త కొలబద్ద తెచ్చాడు. "జవానీల ఎవడన్న ఆడుతడు కాకా. ముసలైతున్నప్పుడు ఎట్ల ఆడిండో అది లెక్క. సోమలింగం కాక ముప్పై నాలుగుకే అయిపోయిండు. బార్డోలీ ఫైనల్ల ఆఖరి రెండు బాల్స్ సుత ఏయలేకపాయె. నువ్వు నలభై మూడేండ్ల దాక ఆడితివి. ఇగ ముచ్చటేమున్నది? జర ఊఁ అను."

"ఆయనకు ముసలితనమని ఎవలన్నరు?"

"అందరు అంటరు."

రాజమౌళి గ్లాసు కింద పెట్టాడు. అందరూ అంటారు, నిజమే. మొట్టమొదట అన్నవాడు మాత్రం ఒక్కడే, కింద పెట్టిన ఆ గ్లాసు వాడిదే.

"పొద్దుమూకి చెప్త," అని లేచాడు.

ముప్పై అయిదేళ్ల కిందటి సంగతి. నాడె ఎగిరి బయటికి రాకుండా ఉండే ఆ కడ్డీ అడ్డం ఉంటే, పోగు అతకడానికి చెయ్యి దూర్చడం కష్టం. చేయి వేగం పెరుగుతుందని రాజమౌళి తన నాలుగో సాంచెకు దాన్ని విప్పి గోడకు ఆనించాడు. అప్పుడతనికి ఇరవై మూడేళ్లు, తనకేమవుతుందిలే అనుకునే వయసు. ఆ వారమే జిల్లా జట్టుకు ఎంపికలు. సోమలింగానికి చోటు ఎలాగూ ఖాయం, అందుకని "నువ్వు పో తమ్మీ, నీ సాంచెలు నేను జూస్త" అన్నాడు. సేఠ్‌కు తెలియకుండా ఒకరి సాంచెలు ఒకరు చూసుకోవడం వాళ్లలో మామూలే. రాజమౌళి ఎగురుకుంటూ పోయాడు, కడ్డీ సంగతి చెప్పకుండా. మరిచిపోయాడా, తిడతాడని ఊరుకున్నాడా అని తర్వాత తనను తానే ఎన్నోసార్లు అడిగాడు. జవాబు ఏడాదికో రకంగా వచ్చేది.

మధ్యాహ్నం నాలుగో సాంచె నాడెను విసిరేసింది. అది సోమలింగం ఎడమ కంటికి తగిలింది. వాపు తగ్గాక పైకి కన్ను కన్నులాగే ఉంది, లోపలి చూపు పోయింది. కండ్లకలక అని బస్తీకి చెప్పాడు. రాజమౌళికి మాత్రం పక్కకు పిలిచి నిజం చెప్పాడు. "ఎవ్వలకు చెప్పకు. కడ్డీ ఇప్పినవని తెలిస్తే సేఠ్ నిన్ను నిలువనియ్యడు."

రెండు నెలల తర్వాత బార్డోలీలో ఫైనల్. చివర రెండు ఫ్రీ త్రోలు. రెండూ జానెడు ముందే పడ్డాయి. ఒంటి కంటికి దూరం అందదు. లారీలో తిరిగొస్తుంటే "అన్నకు ఏమైంది?" అని ఎవరో అడిగారు, అందరూ రాజమౌళి వైపు చూశారు. "వయసు మీదవడ్డది," అన్నాడతను. ముందర కూర్చున్న సోమలింగం వెనక్కి తిరగలేదు. తర్వాతి ఆదివారం గ్రౌండుకు రాలేదు, ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు. అతని చోట్లో రాజమౌళి ఇరవై ఏళ్లు ఆడాడు.

నోరు మూసుకోమంది సోమలింగమే కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాడు. నోరు మూసుకోమన్నాడు గానీ ఆ మాట అనమనలేదు. సిగ్గుతో ఆ ఇంటి వీధి మానేశాడు. సోమలింగం కిడ్నీలు పాడై మంచాన పడ్డాడని తెలిశాక ఎవరిచేతో పండ్లు పంపాడు, తను పోలేదు. ఇవాళ పోవాలి. షిఫ్టు దిగగానే పోయి, అన్నా, నేను చెప్పేస్త, బొమ్మ నీదే పడాలె, అనాలి. అనుకుంటుంటేనే గుండె తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడు గంటలకు పరమేశ్ షెడ్డులోకి వచ్చాడు. ఆ మోతలో మాట వినపడదు. ఏమీ చెప్పకుండా మొదటి సాంచె మీట లాగాడు, తర్వాత రెండోది, మూడోది. రాజమౌళి చేతిలో నూలు కండె పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఎనిమిదీ ఆగాక పరమేశ్ అతని చెవి దగ్గరికి వచ్చి, "సోమలింగం కాక పోయిండు. అన్నం తిని పండుకున్నడట, మల్ల లేవలే," అన్నాడు.

రెండు వీధుల అవతలే ఇల్లు. ముప్పై అయిదేళ్లు పట్టిన దారి అయిదు నిమిషాల్లో అయిపోయింది. సోమలింగాన్ని వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. చిక్కిపోయాడు, పొడుగు మాత్రం తగ్గలేదు, పాదాలు చాప దాటి నేల మీదికొచ్చాయి. రాజమౌళి ఆ పాదాల దగ్గర కూలబడ్డాడు. ఏడుపు రాలేదు, మాట వచ్చింది. కడ్డీ, నాడె, కన్ను, లారీ, తను అన్న మాట, ఒక్కటీ దాచకుండా గట్టిగా చెప్పాడు. "ఆయన ముసలోడు గాలే. నేను గుడ్డోన్ని జేసిన. బొమ్మ ఆయనది వెయ్యిండ్రి."

పరమేశ్ కళ్లు తుడుచుకున్నాడు.

"సూసిండ్రా కాక మనసు! సచ్చినోని మీద మాట ఉండొద్దని అంత తన నెత్తినేసుకుంటుండు. గిసొంటి మనిషి ఇంకొగడుంటడా?"

"అబద్ధం గాదు రా. నా మీదొట్టు."

"నువ్వు జర లే కాకా, నీళ్లు తాగు." నలుగురు అతని భుజాలు పట్టి లేవదీసి లోపలి గదిలోకి తీసుకుపోయారు. ఇక బొమ్మ ఎవరిదో అడగనే అక్కర్లేదని వెనక ఎవరో అన్నారు.

నీళ్లిచ్చింది సోమలింగం భార్య నర్సవ్వ. గ్లాసు అందుకుంటూ రాజమౌళి ఆమె ముఖం చూడలేకపోయాడు. "వదినే, నువ్వన్న చెప్పు, నిజమని."

"నేను చెప్తె ఎవలు ఇంటరు తమ్మీ?" అంది నర్సవ్వ. ఆమె గొంతులో కోపం లేదు. "ఐతారం ఐతారం అడుగుతుండె, రాజమౌళి వచ్చిండా అని. చెప్పుమని గాదు. ఉట్టిగనే, జరసేపు కూసుంటవని."

బయట వెదురు బొంగులు దించుతున్న చప్పుడైతే ఆమె అటు వెళ్లింది. గదిలో రాజమౌళి ఒక్కడే మిగిలాడు. మంచం ఎత్తేశారు, బిందెలు, బట్టలు ఒక మూలకు తోశారు. ఎదురు గోడకు టీవీ ఉంది. దాని ముందు, నాలుగు కాళ్ల రాపిడికి నేల అరిగిన చోటనే ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, టీవీ వైపు కాకుండా, మిగిలిన కుడి కంటికి తెర అందేలా ఎడమ గోడ వైపు తిరిగి ఉంది.