ఎనిమిదో ముక్క

పెట్టె అడుగున ఉన్న కాగితాన్ని ఆర్మాండ్ బెసెట్ ఇరవై ఏడో రోజున విప్పాడు. ఐస్‌క్రీమ్ యంత్రం నచ్చకపోతే ముప్పై రోజుల్లోపు వెనక్కి పంపొచ్చు. పంపేటప్పుడు పెట్టెలో ఏయే భాగాలు ఉండాలో ఆ కాగితంలో రాసి ఉంది. ఉంచుకోవాలా, పంపాలా అన్నది ఆ బుధవారం పొద్దున తేల్చేద్దామని భార్యాభర్తలిద్దరూ వంటింట్లో కూర్చున్నారు.

"కడగడానికి నలభై నిమిషాలు. తినేది రెండు గిన్నెలు," అన్నాడు ఆర్మాండ్. "జూలైలో మన దుకాణం కిటికీ ముందు నలభై మంది నిలబడేవాళ్లు. అప్పుడు కడిగామంటే ఒక అర్థముంది."

"ఆ రెండు గిన్నెల్లో ఒకటి నువ్వే తింటున్నావు," అంది మార్జరీ.

"నేను రుచి చూస్తున్నాను. ఎవరో ఒకరు చూడాలిగా."

వెర్మాంట్‌లో హైవే పక్కన వాళ్లిద్దరూ ఇరవై ఆరు వేసవులు క్రీమీ అమ్మారు. మీట నొక్కితే మెలికలు తిరుగుతూ కోన్‌లోకి దిగే మెత్తటి ఐస్‌క్రీమ్‌ను అక్కడివాళ్లు క్రీమీ అంటారు. ఆర్మాండ్ తుంటి ఎముకకు ఆపరేషన్ అయ్యాక దుకాణం అమ్మేశారు. మిగతా దుకాణాలు అక్టోబర్‌లో మూస్తే మళ్లీ తెరిచేది మే నెలలోనే. ఇది మార్చి. కూతురు కొలెట్‌కి ఏడో నెల. డిసెంబర్ నుంచి ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు, మేపుల్ క్రీమీ తప్ప. అందుకని అల్లుడు వేడ్ ఫిబ్రవరిలో ఇంట్లో వాడుకునే చిన్న యంత్రం కొన్నాడు. తెచ్చి అత్తగారింట్లో పెట్టాడు. ఊళ్లో దాని సంగతి ఆమెకంటే తెలిసినవాళ్లు లేరు. టీచరుగా పనిచేసే కొలెట్ రోజూ బడి వదలగానే వచ్చి ఒక గిన్నె తిని వెళ్లేది.

మార్జరీ రోజూ యంత్రాన్ని విప్పి కడిగేది. పాలు పోసే తొట్టి మూత, కవ్వం, ముందు తలుపు, మీట, మూడు రబ్బరు రింగులు. తెల్ల తువ్వాలు మీద వరసగా పేర్చి, "ఏడు" అనేది. ముందు గదిలోంచి ఆర్మాండ్, "ఏడు" అనేవాడు. దుకాణంలోనూ అంతే. అతను ఆ మాట అన్నాకే దీపం ఆర్పేవాళ్లు. ఇరవై ఆరేళ్లలో ఆ యంత్రానికి ఏడు ముక్కలే. కొత్తదాని కాగితం చదవాలని ఇద్దరికీ తోచలేదు.

ఆర్మాండ్ కళ్లజోడు సర్దుకుని చదువుతున్నాడు. ఆగాడు.

"ఎనిమిది అని ఉంది."

"ఏడు."

"బొమ్మ కూడా వేశాడు. కవ్వం వెనక, గోడలో, చిన్న రింగు."

మార్జరీ లేచి ముందు తలుపు విప్పింది. కవ్వం బయటకు లాగి, గొట్టంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. వెనక గోడకి వేలి గోరు తగిలింది. అక్కడ గాడి ఉంది. గాడిలో రబ్బరు ఉంది. గోరుతో లాగితే వచ్చింది. దాని కింద బూడిద రంగు జిగురు.

వాసన చూడక్కర్లేకపోయింది. వంటింట్లో అది ఇద్దరికీ తెలిసింది.

దుకాణం పెట్టిన ఏడో ఏట తనిఖీకి వచ్చిన ఆయన చెప్పిన మాట మార్జరీ మరిచిపోలేదు. పాల సామాన్లలో పట్టే ఒక సూక్ష్మజీవి ఉందనీ, అది చలిలో కూడా పెరుగుతుందనీ, గర్భిణి తింటే ఆమెకి వచ్చేది ఫ్లూ లాంటి జ్వరమేననీ, లోపలి బిడ్డ మాత్రం బతక్కపోవచ్చనీ ఆయన చెప్పాడు. ఆ రోజు నుంచే ఆమె ముక్కల్ని పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

టేబుల్ మీది ఫోన్ తీసుకుంది. ఏడింటికి కొలెట్ పంపిన సందేశం ఇంకా అందులో పైనే ఉంది. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఈరోజు బడికి వెళ్లడం లేదు. సూప్ తాగి పడుకో అని మార్జరీ జవాబిచ్చింది. ఇప్పుడు టైము తొమ్మిది నలభై.

"ఆగు," అన్నాడు ఆర్మాండ్. "ముందు డాక్టర్‌ని అడుగుదాం. ఉత్తపుణ్యానికి దాన్ని భయపెట్టకు."

"ఎనిమిది అని నువ్వే చదివావు."

నంబర్ నొక్కడానికి రెండుసార్లు ప్రయత్నించింది. వేళ్లకి జిగురు ఉందేమోనని మధ్యలో లేచి సబ్బుతో కడుక్కుని వచ్చింది.

"అమ్మా, మా క్లాసులో పదకొండు మందికి జ్వరం," అంది కొలెట్. "నాకు రాకపోతే వింత."

"యంత్రంలో ఒక రింగు నేను తియ్యలేదు. దాని కింద పాలు కుళ్లాయి."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి."

అటువైపు మంచం కిర్రుమంది. లేచి కూర్చున్నట్టుంది.

"నేను రోజూ తిన్నాను కదమ్మా."

"తెలుసు. వేడ్‌ని పిలువు. ఆసుపత్రికి వెళ్లాలి. నేనూ వస్తున్నాను."

వేడ్ అడవిలో మేపుల్ చెట్ల రసాన్ని పాకంగా కాస్తున్నాడు. పొయ్యిలో మంట ఆర్పి, సగం కాగిన పాకాన్ని వదిలేసి వచ్చాడు. మంచు కరిగి రోడ్డంతా బురద. ముప్పై అయిదు మైళ్లకి గంటన్నర పట్టింది. కారులో అతని చొక్కా పొగ వాసన కొట్టింది. ఒకచోట చక్రం దిగబడినప్పుడు కొలెట్ రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుంది.

రింగుని మార్జరీ ప్లాస్టిక్ సంచిలో వేసి తెచ్చింది. నర్సు దాన్ని వెలుతురులో పెట్టి చూసి తిరిగిచ్చేసింది.

"ఇది ఇక్కడ పరీక్ష చెయ్యరండీ. అమ్మాయి రక్తమే చెబుతుంది. రెండు రోజులు పడుతుంది. మందు మాత్రం ఇప్పుడే మొదలుపెడతారు."

ఫ్లూ ఉందని గంటలో తెలిసింది. మార్జరీ ఊపిరి పీల్చుకోబోయింది. ఫ్లూ ఉన్నంత మాత్రాన రెండోది లేదని కాదు అన్నాడు డాక్టర్.

పొట్టకి పట్టీ కట్టి, బిడ్డ గుండె చప్పుడు వినిపించే పెట్టె పక్కన పెట్టారు. మార్జరీ కుర్చీలో కూర్చుని దాన్ని వింది. గురువారం మధ్యాహ్నం ఆ చప్పుడు ఆగింది. ఆమె నర్సుని కేకేసింది. నర్సు వచ్చి పట్టీని రెండు అంగుళాలు పక్కకి జరిపింది. చప్పుడు మళ్లీ మొదలైంది.

"కదిలింది, అంతే. లోపల తిరుగుతోంది," అంది నర్సు.

కొలెట్ తల్లి వైపు చూసింది. "నీ మొహం చూస్తే నాకు భయం వేస్తోంది. కాసేపు బయటికెళ్లు."

"వెళ్లను."

"అయితే నవ్వు."

మార్జరీకి రాలేదు.

"నువ్వు చెప్పకుండా ఉండుంటే ఇక నీతో మాట్లాడేదాన్ని కాదు," అంది కొలెట్ కొంతసేపటికి.

"ఇప్పుడు మాట్లాడుతున్నావుగా."

"ఇంకా ఆలోచిస్తున్నాను."

ఆ రాత్రి మార్జరీ కోటు జేబులో చెయ్యి పెట్టి, సంచిలోని రింగుని బొటనవేలితో తిప్పుతూ కూర్చుంది. పారెయ్యాలని రెండుసార్లు చెత్తబుట్ట దాకా వెళ్లింది. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉండాలనుకుని వెనక్కి వచ్చింది.

శుక్రవారం పన్నెండు దాటాక డాక్టర్ వచ్చాడు. పరీక్షకి పెట్టిన రక్తంలో ఏ సూక్ష్మజీవీ పెరగలేదన్నాడు. జ్వరం ఫ్లూదే. వేడ్ గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. మార్జరీ ఇంకోసారి చెప్పమంది. డాక్టర్ చెప్పాడు. మూడోసారి అడగబోతే కొలెట్ ఆమె చెయ్యి పట్టుకుంది.

శనివారం ముప్పయ్యో రోజు. యంత్రాన్ని తీసుకెళ్లే మనిషి మధ్యాహ్నం వస్తాడు. కొలెట్ ఫోన్ చేసింది.

"ఉంచుకోమ్మా. ఇప్పుడు ఎక్కడుందో తెలుసుగా."

"తెలుసు."

"మరి?"

"నీకు గిన్నె అందించిన ప్రతిసారీ ఆ జిగురే గుర్తొస్తుంది. అలాంటిది ఇంట్లో ఎందుకు? మేలో దుకాణం తెరిచాక కిటికీ దగ్గర తిందాం."

"మే అంటే బిడ్డ కూడా వచ్చేస్తుంది."

"ఇద్దరూ రండి."

ఫోన్ పెట్టేసి మార్జరీ ముక్కలన్నీ క్రిములు చంపే మందు నీళ్లలో మూడుసార్లు కడిగింది. పెట్టెతో వచ్చిన రింగుల పొట్లంలోంచి కొత్తది తీసింది. తెల్ల తువ్వాలు మీద వరసగా పేర్చింది.

"ఎనిమిది," అంది.

ముందు గదిలోంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. ఆర్మాండ్ వంటింట్లోకి వచ్చి ఒక్కొక్క ముక్కనీ వేలితో తాకాడు. చివరి రింగుని తీసి, వెలుతురుకి పట్టి చూసి, తిరిగి పెట్టాడు.

"ఎనిమిది," అన్నాడు.

వెనక్కి పంపిన యంత్రాన్ని తుడిచి ఇంకొకరికి అమ్ముతారని అతనెక్కడో విన్నాడు. మార్జరీ కరెంటు బిల్లు వెనక లావు కలంతో రాసింది: ఎనిమిది ముక్కలు. ఎనిమిదోది కవ్వం వెనక, గోడలో. చెయ్యి లోపలికి పెట్టి చూడండి. కింద గీత గీసింది. ముక్కలన్నీ బిగించి, ఆ కాగితాన్ని యంత్రం తలుపుకే టేపు వేసి అంటించింది. దాన్ని చింపకుండా తలుపు తెరవడం కుదరదు.