ఆకు బొమ్మ లారీ

డిపోకి హైడ్రోజన్ బస్సు వచ్చిన రోజు నుంచీ డ్రైవరమ్మ మనసు పీకుతూనే ఉంది. బస్సుకి వంక పెట్టడానికి లేదు. కుదుపు లేదు, రొద లేదు, వెనక గొట్టంలోంచి పొగకి బదులు నీటిచుక్కలు రాలతాయి. ఏళ్ల తరబడి డీజిలు కంపులో నానిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? కానీ గ్యాసు ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగితే మాత్రం మేనేజరు, "నీళ్లలోంచేనమ్మా" అని మాట దాటేసేవాడు. కళ్లలోకి చూసి చెప్పేవాడు కాదు.

ఒక ఆదివారం ఊరి చివరున్న వదిన ఇంటికి వెళ్లింది. వదిన డాబా మీద దుప్పట్లు దులుపుతోంది. నల్లటి నుసి గుప్పున లేచింది.

"ఇదేంటి వదినా, ఇంత మసి?"

"ఎదురుగా బొగ్గు ఫ్యాక్టరీ పెట్టాక ఇంతే. మీ అన్నయ్యకి దగ్గు తగ్గితే ఒట్టు."

అంతలో ఫ్యాక్టరీ గేటులోంచి పొడుగాటి సిలిండర్ల లారీ బయటికొచ్చింది. దాని మీద పచ్చటి ఆకు బొమ్మ. డ్రైవరమ్మ కొయ్యబారిపోయింది. రోజూ పొద్దున్నే డిపోకి గ్యాసు తెచ్చేది ఆ లారీయే.

"అది నా బస్సుకే వదినా" అంది.

"అయితే మీ పొగ తెచ్చి మా నెత్తిన పోస్తున్నారన్నమాట!"

మర్నాడు మేనేజరుని నిలదీసింది.

"ప్రస్తుతానికి బొగ్గు నుంచే తీస్తున్నారమ్మా. సోలార్ కరెంటుతో నీళ్లలోంచి తియ్యాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఆ యంత్రాలూ వస్తాయి."

"ఎప్పుడు?"

"వస్తాయమ్మా."

ఆ వారమే టీవీవాళ్లు వచ్చారు. గొట్టం కింద పట్టిన నీళ్లు గ్లాసులో పోసి, తాగి చూపించమన్నారు. ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది.

"నా బస్సు పొగ వదలదు, నిజమే. ఆ పొగ ఎక్కడికి పోయిందో చూడాలంటే ఎక్కండి. మా వదిన డాబా చూపిస్తాను."

మేనేజరు మొహం మాడిపోయింది. టీవీవాళ్లు మాత్రం ఎగబడి ఎక్కారు.

డాబా మీది మసిని టీవీలో ఊరంతా చూసింది. ఆమెని మళ్లీ డీజిలు బస్సుకి మార్చారు. చప్పుడు లేని ఆ బస్సు రోడ్డు మీద ఎదురైనప్పుడల్లా ఆమె ప్రాణం ఉసూరుమనేది. ఫ్యాక్టరీవాళ్లు పక్క స్థలం చదును చేసి, సోలార్ పలకల కోసమంటూ ఇనప స్తంభాలు పాతారు.

"ఈసారైనా నమ్మొచ్చంటావా?" అంది వదిన.

డ్రైవరమ్మ స్తంభాల వంక చూసింది. "పాతడం వరకూ నిజమే వదినా. ఆ బొగ్గు పొయ్యి ఆర్పనీ, అప్పుడు చెప్తాను."